రెండుసార్లు లాగే ఇనుము

లిన్ పట్టణం, అమెరికా,
1884, మార్చి.

చిరంజీవి మలకీని అన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం, అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్ళు ఒకేరోజు అందాయి. ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదిన దగ్గు తగ్గింది.

ఇక్కడికి రావడానికి కార్క్ రేవులో ఓడ టికెట్టు కొనమంటావా అని అడిగావు. మా బూటు పనివాళ్ళ సంఘంలో నీ పేరు రాయించి, నా పక్కనే నీకో పని పీట కూడా మాట్లాడాను. బూట్లు కుట్టడానికి ఎన్ని మరలొచ్చినా, కొయ్య అచ్చు మీద తోలు లాగి బిగించేది మా చేతులే. ఆ పని కొడుకులకూ తమ్ముళ్ళకూ తప్ప పరాయివాడికి చూపించబోమని ప్రమాణం చేస్తాం. మా పొగరంతా అదే.

డచ్చివాళ్ళ గయానా నుంచి వచ్చిన నల్లాయన, మా ఫ్యాక్టరీలో మర నడిపే లోడ్‌విక్ గురించి రాశాను కదా. తోలు లాగే మర కూడా చేస్తానంటూ నాలుగేళ్ళుగా గది తలుపేసుకుని ఇనుముతో కుస్తీ పడుతున్నాడు. "ఏం దొరా, నీ ఇనప పెళ్ళాం ఇవాళైనా మాట విందా?" అని ఏడిపించేవాళ్ళం. "ఇంకా అలిగే ఉంది" అనేవాడు.

సోమవారం పొద్దున యజమాని మమ్మల్నందర్నీ పిలిచి అతని మర ముందు నిలబెట్టాడు. లోడ్‌విక్ పిడి తిప్పాడు. ఇనప పట్టుకారు తోలంచును పట్టి లాగింది. మళ్ళీ పక్కకి ఓ చిన్న లాగు లాగింది. మేకు దించింది. మలకీ, నమ్ముతావా? ఆ రెండో లాగు నాది! విరిగిన చిటికెనవేలు పట్టు జారుతుందని నేనొక్కణ్ణే అలా లాగుతాను. దానికి ఇరవయ్యేళ్ళు నన్ను వెక్కిరించారు. ఇప్పుడు అందరూ నోళ్ళు తెరిచి నా చేతివంకే చూశారు.

మీ వదినకి కూడా చెప్పని మాట నీకు చెబుతున్నాను. కిందటేడు చలికాలం అతను నా పీట పక్కన కూర్చుంటే నేను పొమ్మనలేదు. "కళ్ళప్పగించి చూడు నాయనా, చూస్తే వచ్చే విద్య కాదిది" అన్నాను. పైగా నెమ్మదిగా చేసి చూపించాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒళ్ళు కొవ్వెక్కి చేసిన పని.

అందరూ వెళ్ళాక అతని మీద విరుచుకుపడ్డాను. "దొంగా! నా చెయ్యి నీకెవడిచ్చాడు?"

"నువ్వే ఇచ్చావు బార్ట్లీ. నలుగురి పనీ చూశాను. వాళ్ళలా లాగితే బూటు మొన దగ్గర తోలు చిరిగింది. నీలా లాగితే చిరగలేదు. ఈ ఊళ్ళో మంచి చెయ్యి నీదే."

ఆ మాట నాతో అన్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి దిగిపోయింది, ఏడుపొచ్చింది.

రేపు సంఘంవాళ్ళు విచారిస్తారు. అబద్ధం చెప్పను. వెలివేస్తే వేయనీ.

నువ్వు మాత్రం టికెట్టు కొనకు. ఆ రోజే పట్టుదలకి పోయి ఆ మర పక్కనే కూర్చుని బిగించాను. నేను ఒక్క జత ముగించేసరికి అది ఏడు ముగించింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఏడింటినీ తిప్పి తిప్పి చూశాను. ఏడూ నా చేతి పనే.

ఇట్లు,
నీ పీట తన చేతులారా పోగొట్టిన అన్న,
బార్ట్లీ