సామాన్ల గదిలో అరగ్లాసు

నవంబర్ 20, గురువారం

ఉదయం 6.10కి రమేష్ దోసె పెనం ముందు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మార్కాపురం బస్టాండు దగ్గర లక్ష్మీనరసయ్య హోటల్. రోజూ నేను టిఫిన్ చేసేది అక్కడే. పడినప్పుడు ఎదురు టేబుల్ దగ్గర ఉన్నాను.

రమేష్ అక్కడ చాలా ఏళ్లుగా దోసె మాస్టర్. మొన్న మంగళవారం అయ్యప్ప మాల వేసుకున్నాడు. పడగానే ఒళ్లంతా కొట్టుకుంది. నోట్లో నురగ. స్వామి ఒంటి మీదికి వచ్చినాడు, తాకబాకండి అని ఎవరో అరిచారు. ఇద్దరు చేతులు జోడించారు. అతని కుడి చెయ్యి పెనానికి ఆని ఉంది. అది చూసింది అంట్లు తోమే పుష్పమ్మ ఒక్కతే. స్వామి అయితే పెనం మీద చెయ్యెందుకు పెడతాడయ్యా, జరగండి అంటూ కాళ్లు పట్టి ఇవతలికి లాగింది. లక్ష్మీనరసయ్య తాళాల గుత్తి తెచ్చి రమేష్ చేతిలో పెట్టాడు. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతాయని ఇక్కడ అందరి నమ్మకం. ఆగలేదు. ఆటోలో గవర్నమెంట్ హాస్పిటల్‌కు తీసుకెళ్లాం.

అదే రోజు, మధ్యాహ్నం 2

తాగుడు ఎన్నాళ్లుగా అని డాక్టర్ అడిగాడు. భార్య నాగజ్యోతి చెప్పింది. పెళ్లికి ముందు నుంచే ఉంది సార్, మంగళవారం నుంచి చుక్క ముట్టలేదు. కొంచెం గర్వంగానే చెప్పింది. డాక్టర్ రాయడం ఆపాడు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయట. ఆ తర్వాత మతి చెదురుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. హాస్పిటల్లో మందులిస్తూ మాన్పించాలట. ఒంగోలుకు రిఫర్ చేశాడు.

అరగ్లాసు సంగతి ఆయనకు నేను చెప్పాను. ఈ ఊళ్ల హోటళ్లలో అదొక పద్ధతి. తెల్లారేసరికి మాస్టర్ల చేతులు వణుకుతాయి. ఓనరు సామాన్ల గదిలో బాటిల్ ఉంచుతాడు. పొయ్యి వెలిగించే ముందు అరగ్లాసు ఇస్తాడు. వణుకు ఆగుతుంది. గ్యాస్ సిలిండర్ లాగే అది కూడా హోటల్ సామాను. రమేష్ మాల వేసుకోగానే లక్ష్మీనరసయ్య ఆ బాటిల్‌ను కాలువలో పారబోశాడు. అందరం మెచ్చుకున్నాం.

నవంబర్ 21, శుక్రవారం

ఇంకా ఒంగోలు పోలేదు. హనుమంతునిపాడు నుంచి రమేష్ తల్లి మస్తానమ్మ వచ్చింది. మాల మీద ఉన్నోడు రెండు పూటలా చన్నీళ్లు పోసుకోవాల, ఇట్ల ఎవరెవరో పండుకున్న మంచం మీద పడేస్తే స్వామికి కోపం రాదా అంటుంది. మాల వేసిన గురుస్వామే వచ్చి నచ్చజెప్పాడు. మాల తీసేద్దాం, అపచారం కాదు, బతికితే వచ్చే ఏడు కొండకు పోదాం అన్నాడు. ఆమె వినలేదు. కొడుకు మాల వేసుకోవాలని ఏళ్ల తరబడి శనివారాలు ఒక్కపొద్దు ఉందట.

రమేష్ మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. కట్టు కట్టిన చేతిని దుప్పటి మీద గుండ్రంగా తిప్పుతున్నాడు. ఏడో టేబులుకు నెయ్యి కారం అంటాడు. మంట తగ్గించండ్రా, మాడతాంది అంటాడు. నాగజ్యోతి ప్రతిసారీ, తగ్గించినాలే బావా అంటుంది.

నవంబర్ 22, శనివారం

సాయంత్రం ఇంటికి తీసుకెళ్లిపోయారు. మా ఇష్టం మీదే తీసుకెళ్తున్నాం అన్న కాగితం మీద మస్తానమ్మ వేలిముద్ర వేసింది. 108 ఖాళీగా తిరిగిపోయింది.

నాగజ్యోతి గేటు దగ్గర నాతో అంది. ఒంగోలు పోదామంటే, నా కొడుకు మెడలో మాల నువ్వే తెంపుతావా అని అత్త నలుగురిలో అడిగిందన్నా, ఏం చెప్పేది?

నవంబర్ 23, ఆదివారం

తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయించారు. ఐదున్నరకు రమేష్ చనిపోయాడు.

నవంబర్ 24, సోమవారం

విలేకరిగా మా పేపరుకు రమేష్ గురించి మూడు పేరాలు పంపాను. డెస్క్ ఒకటి వేసింది. అనారోగ్యంతో హోటల్ మాస్టర్ మృతి. అందులో అరగ్లాసు ఊసు లేదు. ఒక్కసారిగా మానేసిన సంగతీ లేదు.

నవంబర్ 27, గురువారం

హోటల్ తెరిచారు. గిద్దలూరు నుంచి ఏబేలు అనే మాస్టర్ వచ్చాడు. సామాన్ల గదిలో అరగ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా కొంచెం ఒలికింది. అట్ల చూడబాకన్నా, నీకు టీ ఎట్లనో నాకు ఇది అట్ల అని నవ్వాడు. లక్ష్మీనరసయ్య గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

డిసెంబర్ 3, బుధవారం

హనుమంతునిపాడులో రమేష్ పెద్దకర్మ. హోటల్ వాళ్లందరూ వచ్చారు. భోజనాల మధ్యలో లక్ష్మీనరసయ్య లేచి ఫొటో ముందు కర్పూరం వెలిగించాడు. రేపటి నుంచి నా హోటల్లోకి చుక్క రాదు, ఏబేలుకు గూడా బంద్, రమేష్ మీద ఒట్టు అన్నాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. అందరూ తలలూపారు. మస్తానమ్మ దండం పెట్టింది. మంచిదే శెట్టిగారూ అన్నాడు ఏబేలు. చేతులు విస్తరి కింద దాచుకున్నాడు.

అట్లా ఆపొద్దని చెప్పడానికి నేను లేచేలోపే నాగజ్యోతి గదిలోంచి బయటికి వచ్చింది. రమేష్ పోయినప్పటి నుంచి ఆమె నలుగురిలోకి రాలేదు. ఆపబాక మామా అంది. ఆయన అర్థం కానట్టు చూశాడు. మళ్లా అదే పని చేస్తావా అని అడిగింది. రేపు ఆపితే ఎల్లుండి ఏబేలన్న పెనం మీద పడతాడు, నువ్వు మళ్లా తాళాలు తెస్తావు. డాక్టరు చెప్పేదాకా నీ చేత్తోనే ఇవ్వు.

దినం నాడు ఆడపిల్లకు ఈ మాటలేందమ్మా అన్నాడు ఒక పెద్దాయన. ఆమె పట్టించుకోలేదు. మస్తానమ్మ కూర్చున్న చోటు నుంచి లేచి పశువుల కొట్టం వైపు పోయింది. ఎవరూ ఆపలేదు.

నాగజ్యోతి ఏబేలు విస్తరి ముందు కూర్చుంది. మానాలని ఉందా, నిజం చెప్పన్నా. ఉందమ్మా, భయం గూడా ఉంది అన్నాడు. అయితే ఒంగోలుకు నేను వస్తా, ఆడ ఎవరన్నా నిన్ను ఇంటికి తీసకపోతామంటే నేను పోనీను అంది.

డిసెంబర్ 4, గురువారం

డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఏబేలు ఒంగోలు హాస్పిటల్లో చేరేదాకా గ్లాసు ఆపొద్దన్నాడు.

మాస్టర్ ఉండడు కాబట్టి రేపు హోటల్ మూత. పొయ్యి వెలగదు. అయినా ఐదింటికి లక్ష్మీనరసయ్య సామాన్ల గది తెరిచి ఏబేలుకు గ్లాసు ఇవ్వాలి. 7.15కి ఒంగోలు బస్సు. ఎక్కేది ఏబేలు, నాగజ్యోతి.