దేవుడి గదిలోని ఫ్యూజు బోర్డు

నాచారం,
బుధవారం.

చిరంజీవి ఉమామహేశ్వర్‌కు వదిన ఆశీస్సులు.

మొన్న ఉప్పల్‌లో నీ ఎలక్ట్రికల్ షాపు దాకా వచ్చి, లోపలికి రాకుండానే తిరిగిపోయాను. నోటితో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు మార్చమంటూనే ఉన్న మా దేవుడి గదిలోని చెక్క ఫ్యూజు బోర్డు దుర్గాష్టమి నాడు కాలిపోయింది. మెయిన్ ఆపబోయిన మల్లవ్వకు అరచెయ్యి కాలింది. మా వెనక గదిలో అద్దెకుండే మొగిలయ్య భార్య ఆమె.

"ఫ్యూజుల లావు తీగ ఎవడు వెయ్యమన్నడు నిన్ను? నెలాఖరుకు గది ఖాళీ చెయ్యి" అని మీ అన్నయ్య మొగిలయ్య మీద కేకలేశారు. అతను నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

వెయ్యమన్నది నేనే. నవరాత్రుల్లో అమ్మవారి ముందు సీరియల్ లైట్లు పెడితే చాలు, ఫ్యూజు పోయేది. ఎంత లోడైనా తెగని లావు తీగ వెయ్యమని మొగిలయ్యను అడిగితే, "ఏందక్కా, అమ్మవారికి గూడ చీకటంటే భయమా?" అని నవ్వుతూనే వేశాడు. మర్నాడు తీసేస్తానని వచ్చాడు. ఉద్వాసన చెప్పేదాకా బోర్డు ముట్టుకోవద్దన్నాను.

ఆదివారం రా. పాత ఫ్యూజులన్నీ తీసేసి, లోడెక్కువైతే వాటంతటవే పడిపోయే కొత్త స్విచ్చులు పెట్టు. నీ ముందే మీ అన్నయ్యకు నిజం చెప్తాను. కానీ మల్లవ్వ చేతికట్టు రోజూ చూస్తూ కూడా చెప్పలేకపోయిన దాన్ని. ఆ రోజూ నేను తల దించుకుంటే, ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు. అంతదాకా నీ దగ్గరే దాచు, ఎవరికీ చూపకు.

వదిన