వాసన వచ్చే మైదానం

నవంబరు 4, మంగళవారం
మళ్లీ అదే వాసన. కుళ్లిన గుడ్డు, అందులో మందుబిళ్ల చేదు. పిల్లలకు ముందు గంట చదువు, తరువాత గంట ఫుట్‌బాల్ — ఇది మా సంస్థ పద్ధతి, రెండూ నేర్పేది నేనే. చదువు గంటలో గాలి బాగానే ఉంటుంది. బంతి ముట్టుకున్నామా, పక్క మందుల కంపెనీవాడికి పొగ వదలబుద్ధి అవుతుంది. వాళ్ల బిహారీ వాచ్‌మన్‌ను అడిగితే ముఖం తిప్పుకున్నాడు. "షామ్ కో ఛోడ్తే హై మేడం." సాయంత్రాలు వదులుతారట, అంతే.

రజిత, మా గోల్‌కీపర్, ఈ రోజు కూడా గోల్‌పోస్టు పట్టుకుని వంగిపోయింది. గొంతులో పిల్లికూతలు. ఎనిమిదో తరగతి పిల్ల.

నవంబరు 5
సార్‌కు ఫోన్ చేశాను. సంస్థ నడిపేది ఆయనే, ఉండేది తెల్లాపూర్‌లో, మేడ మీద మేడ. వాసన సంగతి చెప్తే — "మైదానం ఎవరిచ్చిండ్రు మేడం? బూట్లు ఎవరు కొనిచ్చిండ్రు?"

కంపెనీయే. తెలుసు. పిల్లల ఆరోగ్యం కోసమని మైదానం గేటు మీద బోర్డు కూడా రాయించారు. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

నవంబరు 7
పిల్లలకు కొత్త పద్ధతి నేర్పాను. ఊపిరి ఆడకపోతే చెయ్యెత్తి బయటికి రావాలి. ఎవరూ నవ్వకూడదు. జట్టులో చోటు పోదు. అందరూ ఎత్తి చూపించారు.

నవంబరు 9, ఆదివారం
చర్చిలో కళ్లు మూసుకున్నా కోపమే. పాట సగంలో లేచి వచ్చేశాను.

నవంబరు 12
శనివారం వెలిమెల పిల్లలతో మ్యాచ్. కంపెనీ పెద్దలు వస్తారట... ఫోటోలు. పొద్దున పెడదాం సార్, అప్పుడు గాలి బాగుంటుంది అన్నాను. "వాళ్లకు సాయంత్రమే కుదుర్తది."

నవంబరు 15, శనివారం
రాయకపోతే నిద్ర పట్టదు.

మొదటి సగం సాఫీగా నడిచింది. రెండో సగంలో గాలి తిరిగింది. వెలిమెల పిల్లలు ముక్కులు మూసుకున్నారు. మావాళ్లు ఇద్దరు చెయ్యెత్తి బయటికి వచ్చారు. రజిత ఎత్తలేదు. మోకాళ్ల మీద చేతులు, ఎగిరెగిరి పడే భుజాలు. ఎత్తు, ఎత్తు అని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. చూపంతా గీత అవతల. అక్కడ వాళ్ల నాన్న యాదయ్య. కంపెనీ చొక్కా వేసుకుని, పెద్దలకు నీళ్ల సీసాలు అందిస్తున్నాడు. ఆయనది అక్కడే కాంట్రాక్టు పని.

విజిల్ ఊది ఆట ఆపేశాను. కుర్చీలో పెద్దాయన ఏమైందన్నాడు.

"మీ కంపెనీ వాసన సార్. పిల్లకు ఊపిరి ఆడటం లేదు."

కెమెరా కుర్రాడు కెమెరా దించాడు. యాదయ్య సీసాలు కింద పెట్టి ముందుకు వచ్చాడు. "ఏం లేదు సార్. మా పిల్లకు పుట్టినకాడికెల్లి గిట్లనే. వాసనకు గాదు." నా ముఖం మాత్రం చూడలేదు.

అబద్ధం. పోయిన ఏడు మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల మైదానమంతా ఒక్క పరుగున చుట్టి వచ్చి, ఇంకో చుట్టు వెయ్యనా మేడం అంది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. మాస్కు పెట్టి మందు పట్టించారు. తేరుకుంది. ఆ గాలికి దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. ఎంత సులువుగా అన్నాడు.

నవంబరు 16
యాదయ్య మీద కోపం. కన్నతండ్రి అయి ఉండి...

నవంబరు 17
రజితను చూడటానికి వెళ్లాను. వాకిట్లోనే ఆపింది.

"మీరెందుకన్నరు మేడం? నేను చెయ్యెత్తలే గదా."

ఊపిరి ఆడక నువ్వు పడిపోతుంటే ఊరుకోనా అన్నాను.

"మా నాయిన పని పోతే మీరు పెడ్తరా?"

యాదయ్య మీది కోపం అక్కడే చచ్చింది. కంపెనీ మీదిది మాత్రం ఇంకా పెరిగింది.

నవంబరు 18
సార్ ఫోన్. రేపు ఆరింటిలోపు కంపెనీకి వెళ్లి, తప్పయింది, వాసన లేదు ఏం లేదు అని చెప్పాలట. చెప్పకపోతే గేటుకు తాళం. యాదయ్య సంగతో? "అది గూడ గప్పుడే జూస్తరు." మామూలు గొంతుతో అన్నాడు, టీ తాగుతూ.

గాలి పాడు చేసినవాడు కుర్చీలో కూర్చుంటాడు. ఊపిరి ఆడటం లేదన్నదాన్ని, నేను నిలబడి సారీ చెప్పాలి. సిగ్గు లేదూ వీళ్లకు?

భానూర్ దాకా స్కూటీ మీద తిరిగాను, వేరే జాగా కోసం. ఎక్కడ చూసినా ప్లాట్ల రాళ్లే.

నవంబరు 19
ఇంకా వెళ్లలేదు. చదువు గంట అయిపోయింది. పిల్లలు బూట్లు కట్టుకుంటుంటే గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

గేటు దగ్గర రజిత. గ్లవ్స్ తొడుక్కునే వచ్చింది.

డాక్టరు వద్దన్నాడు కదా అన్నాను.

"వాసన ఇంకా రాలే గదా మేడం. వచ్చేదాంక ఆడుత."

రమ్మనలేదు. పొమ్మనడానికి నోరు రావడం లేదు. లోపలి నుంచి పిల్లలు పేరు పెట్టి పిలుస్తున్నారు. గేటు పట్టుకుని నా వైపే చూస్తోంది.