మీరు కట్టిన తోరణం

ఏమండీ,

దసరాకి మీరు ఓక్ ట్రీ రోడ్డులోని ఇండియన్ కొట్లో మామిడాకులు కొనుక్కొచ్చి గుమ్మానికి కట్టిన తోరణాన్ని ఇవాళ అపార్ట్‌మెంట్ ఆఫీస్ వాళ్లు పీకి పారేశారు. వాళ్ల తలుపుకి మాత్రం క్రిస్మస్‌కని హాలీ అనే చెట్టు పచ్చని ఆకుల దండ వేలాడుతోంది. వెళ్లి నిలదీశాను.

"మీది రిలీజియస్ ఆంటీ, ఇది జస్ట్ సీజనల్," అంది అక్కడ పనిచేసే తెలుగమ్మాయి.

ఒళ్లు మండిపోయింది. క్రీస్తు పుట్టకముందే జనం చలికాలపు చీకటికి భయపడి ఇళ్లకి పచ్చని కొమ్మలు కట్టుకునేవారని మీరు ప్రతి డిసెంబర్‌లోనూ చెప్పేవారుగా, అదంతా గట్టిగా అరిచి చెప్పాను. "ఆ దండ ఏ దేవుడిదో ముందు కనుక్కో!" అన్నాను.

"సారీ ఆంటీ. కొత్తది కట్టుకోండి, నేను మేనేజ్ చేస్తా," అంది.

మీరు పోయిన ఇంటికి ఏడాది తిరిగేదాకా తోరణం కట్టకూడదని ఆ పిల్లకేం తెలుసు? కట్టినా, దానికి మీరు వేసిన ముడి ఉంటుందా?