రజని వాటా

4-7-94, సోమవారం
బడులు తెరిచేరు. ఈరోజు నుంచి ఇంటిపని సగం ఆయనది, సగం నాది. ఇన్నాళ్లూ పంచుకునే చేస్తున్నాం అనుకున్నాను. నీళ్లు ఆయన పడుతున్నారని నేను, నేను పడుతున్నానని ఆయన. మా పెద్దది రజని కామెర్లతో చనిపోయి రెండు నెలలు. డ్రమ్ము ఎండిపోయేక తెలిసింది, పట్టేది అదే.

ఆయన వాటా: నీళ్లు, రాత్రి గిన్నెలు. ఆయన వాటా నేను ముట్టను. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు.

చిన్నది భాగ్యకి జడలు? అక్కే వేసేది. నూనె సీసా తీసేను, మళ్లీ గూట్లో పెట్టీసేను. ఆయన చూసేరు. "అది నా వాటాలో వేసీ" అన్నారు.

5-7, మంగళవారం
నైట్ షిఫ్టు దిగొచ్చి జడలేసేరు. ప్లాంటులో క్రేనుకి ఇనప తాళ్లు కట్టే చెయ్యి. పిల్ల కనుబొమలు నుదుటి మీదకి పోయేయి.
"పాపా, దర్ద్ హో రహా హై" అని నాన్నతో నొప్పి చెప్పుకుంది, ఈ ఊరి బడి హిందీలో.
"ఊడదు కదా."
పక్క క్వార్టరు సుమతి నవ్వింది. "వదినా, అన్నయ్య చేత రేపు చీరలు కూడా మడత పెట్టిస్తావేటి?"
పెట్టిస్తాను.

7-7, గురువారం
గిన్నెలు తోమేరు. జిడ్డు అలాగే ఉంది. పప్పు గిన్నె ఒక్కటీ మళ్లీ తోమేను. ఒక్కటే. అది లెక్కలోకి రాదు.

9-7, శనివారం
అన్నీ తోమేను. పాపం, నిద్ర లేని మనిషి. నీళ్లూ పట్టేను. వాన కదా, కుళాయి దగ్గర ఆయన జారిపడితే సేవ చేసే పని ఎవరికి? నాకే.

10-7, ఆదివారం
"నీ వాటా నువ్వే, నా వాటా నువ్వే. మరి నేనున్నదేటికి?" అన్నారు.
"జడలున్నాయి కదా" అన్నాను.
అవొక్కటే ముట్టలేదు. ఒట్టు అక్కడ నిలబడింది.

11-7, సోమవారం
ఆయనకి ఫస్ట్ షిఫ్టు. చీకటుండగా పిల్లని లేపి కూచోబెట్టేరు. ఒక జడ వేసి రిబ్బను కట్టి, సైకిల్ తీసేరు.
"ఏటండీ, రెండోది?"
"టైము లేదు. సగం చేసేను కదా."
"రిలీవరు రాకుండా డ్యూటీ వదిలీకూడదంటారు, మీ ప్లాంటులో."
"వచ్చింది కదా" అని నా చేతిలో దువ్వెన పెట్టి వెళ్లిపోయేరు.

పిల్ల సగం జుట్టు విరబోసుకుని చూస్తోంది. "మమ్మీ, బస్ ఛూట్ జాయేగీ" అని గోల, బస్సు పోతుందని.

నూనె సీసా తీసేను. పాయ జారిపోయింది, మళ్లీ పట్టేను. చివరిదాకా అల్లేను. ఆయనది బిగుతు, నాది వదులు. పిల్ల అద్దంలో చూసుకుని నా జడ పట్టుకుంది. "యే దీదీ జైసీ హై."
అవును మరి, అచ్చం అక్క జడే. దీదీకి నేర్పింది నేనే.

రేపట్నుంచి కచ్చితంగా సగం సగం. కుడి జడ ఆయనది, ఎడమ జడ నాది. ఆయన గిన్నెలు ముట్టను. పప్పు గిన్నె తప్ప.