మొలతాడు కట్టని పురుడు

ఆదివారం రాత్రి

ఈరోజు నా బిడ్డ రజిత కూతురికి పురుడు పండుగ చేసినం. మొలతాడు మాత్రం కట్టలేదు. పుట్టుకతోనే పిల్లకు వెన్నెముక చివర నిమ్మకాయంత గడ్డ ఉంది. తాడు జారితే దానికి ఒరుసుకుంటదని దవాఖానల నర్సమ్మ వద్దన్నది.

అల్లుని తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకొని, "గ్రహణం నాడు బయటికి పోయినవా రజితా?" అని అడిగింది. రజిత తల వంచుకుంది.

"తల్లి ఏం చేసినా, చెయ్యకున్నా గిది వస్తదని డాక్టరమ్మ చెప్పింది వదినె" అన్న నేను, మెల్లగా.

"మరి ఏం గడ్డనో చెప్పిందా?"

డాక్టరమ్మ అన్న మాటే చెప్పిన. స్కానింగ్‌ల క్యాన్సర్ కాని మంచి రకం లెక్కనే కనబడుతుందట. కానీ తీసి పరీక్షకు పంపినంకనే ఖాయంగా చెప్తరట. మంగళవారం హైదరాబాద్‌ల ఆపరేషన్.

వదినె పిల్ల వీపు నిమిరింది. "తాడు దాచు వదినె. ఆపరేషన్ అయి వచ్చినంక నేనే కడత" అన్నది. అప్పుడు రజిత తలెత్తి అత్త దిక్కు చూసింది.

రాజన్న స్వామీ, అది మంచి రకమే కావాలె.

ఆనవాయితీకని పొద్దున పిల్ల కొలతకు పేనిన తాడు పక్కకు పెట్టి, ఇంకొంచెం పొడుగ్గా వేరేది పేని స్వామి పటం ముందు పెట్టిన. కట్టేనాటికి పిల్ల పెరుగుతది.