నాన్న తెల్ల చొక్కాలు

చిరంజీవి గువ్వకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడూ, నీ కడుపులోని చిన్న ప్రాణమూ కులాసా అని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. కులాసా అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను గనక అలవాటుకొద్దీ రాసేశాను. అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. నిలబడి చదువుతుంటే మాత్రం ముందు కూర్చో.

నువ్వు అడిగినవి వరసగా చెప్తాను. అల్లుడి కోటు మీద టీ ఒలికిందన్నావు. అది ఉన్ని కోటు, వేడినీళ్లు పొయ్యకు. చల్లనీళ్లలో తడిపిన గుడ్డతో అద్దు, రుద్దకు. లాండ్రీ నడిపేదాని కూతురివి అయ్యుండి ఇది కూడా అడిగావంటే, చిన్నప్పుడు కౌంటరు కింద కూర్చుని నువ్వు వెలగబెట్టిన చదువేమిటో నాకు ఇప్పుడు తెలిసింది.

మన ఇస్త్రీ మామ బాగానే ఉన్నాడు. మొన్న ఒకాయన ప్యాంటు జేబులో కట్టుడు పళ్లు దొరికాయి. మామ వాటిని శుభ్రంగా కడిగి, సంచీలో వేసి, నంబరు చీటీ కట్టి, ప్యాంటుతో పాటు హేంగరుకి తగిలించాడు. ఆయన వచ్చి నోరు తెరవకుండా తీసుకెళ్లాడు. ఆ పూటంతా మామ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నవ్వుతూనే ఉన్నాడు.

పుట్టబోయే బిడ్డని చుట్టడానికి నాన్న పాత తెల్ల చొక్కాలు పంపమని మూడు ఉత్తరాల్లో అడిగావు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. కాన్పుకి ఎందుకు రానంటున్నావు, నా మీద కోపమా అని అడిగావు. నీ రక్తపరీక్షల కాగితాలు ఎందుకు అన్నిసార్లు పంపమన్నావనీ అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఒక్కటే. పెద్ద మిషను పాడైందని రాశాను చూడు, అది మూడు రోజుల్లో బాగైంది. మామకి నడుం పట్టేసిందన్నదీ సాకే. నీ మీద నాకు కోపమేమిటే పిచ్చిదానా.

ఏడాది కిందట నా నడుం చుట్టూ మంట పొక్కులు లేచాయి. వేడి చేసిందనుకుని పదిరోజులు ఊరుకున్నాను. డాక్టరు చూసి ఎందుకైనా మంచిదని రక్తం తీయించాడు. రెండు రోజుల తరవాత పిలిచి, తలుపు వేసి, కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పాడు. నాకు హెచ్.ఐ.వి. ఉందట.

ఆయన చెప్తున్నంతసేపూ నేను ఆయన కోటు జేబు మీదున్న ఇంకు మరకనే చూస్తున్నాను. అర్థమైందా అమ్మా అని అడిగాడు. "ఆ కోటు ఇలా ఇవ్వండి, రేపు సాయంత్రానికి తెచ్చిస్తాను, మరక పోతుంది" అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అదీ. ఆయన నిజంగానే కోటు విప్పి ఇచ్చాడు. దాన్ని చేతిమీద వేసుకుని ఇంటిదాకా నడిచొచ్చాను. దారిలో ఎవరు పలకరించారో, నేనేం అన్నానో ఈ రోజుకీ గుర్తులేదు. తాళం తీశాను, కోటు నానబెట్టాను, వచ్చిన బట్టలకి చీటీలు కట్టాను. నాలుగు రోజులు మామూలుగా పని చేశాను. అయిదోరోజు ఒకావిడ "మీరు బాగున్నారా" అని ఊరికే అడిగితే కౌంటరు మీద తలవాల్చి ఏడ్చాను.

నా ఒంట్లోకి అదెలా వచ్చిందో నువ్వు అడగకముందే చెప్తాను. నాకు మీ నాన్న తప్ప మరొకరు లేరు. ఆరేళ్ల కిందట ఆయన నిమ్ము చేసి పోయారని అందరికీ చెప్పాం, మనమూ అలాగే అనుకున్నాం. ఇప్పుడు డాక్టరు మీ నాన్న పాత ఆస్పత్రి కాగితాలు చూసి, దానికి మూలం ఇదే అయ్యుండొచ్చు అన్నాడు. ఆయనకి ఎక్కడ అంటుకుందో నాకు తెలియదు. జబ్బు ఉన్నట్టు ఆయనకే తెలుసో తెలియదో, అదీ తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు. నీకు నాన్నంటే ప్రాణం, అందుకే ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాను. ఆయన ఫొటో ముందు నిలబడి నేనన్న మాటలు మాత్రం నీకు రాయను.

నీ పరీక్షలో ఏమీ లేదన్న కాగితం వచ్చిన రోజు దాన్ని ఎన్నిసార్లు చదివానో. అందుకే అడిగాను ఆ కాగితాలు. కారణం చెప్పకుండా నిన్ను విసిగించాను, ఏమీ అనుకోకు.

వైద్యం సంగతి రాస్తాను, నువ్వు బెంబేలెత్తకుండా. రోజుకి ఒక్క మాత్ర. ఉదయం బాయిలరులో ఆవిరి రాగానే వేసుకుంటాను. మొదటి పదిహేను రోజులు తల తిరిగింది, పిచ్చి కలలు వచ్చాయి, తరవాత సర్దుకుంది. కొన్ని నెలలకోసారి రక్తంలో వైరస్ ఎంతుందో లెక్క చూస్తారు. మొదట్లో లక్షల్లో ఉన్నది ఆరు నెలలకల్లా "కనబడలేదు" అని వచ్చింది. ఆ రోజు మామకి మిఠాయి కొనిచ్చాను, ఎందుకో చెప్పకుండా.

ఇక్కడిదాకా డాక్టరు చెప్పినట్టే చేశాను. ఆ తరవాత నేను చేసింది ఇంతవరకూ రాయడానికి సిగ్గుపడ్డాను.

మాత్రలు ఆపేశాను.

మన పని నీకు తెలుసు. మరక పోయేదాకా మందు రాయాలి, పోయిందంటే వెంటనే జాడించెయ్యాలి. ఇంకా రాస్తే మందు బట్టనే తినేస్తుంది. నాకు పెళ్లయిన కొత్తలో మీ నాన్న చెయ్యి పట్టుకుని నేర్పిన మొదటి పాఠం అది. ముప్ఫై ఏళ్లు ఆ పాఠంతోనే బతికాను. కనబడలేదని కాగితం మీద ఉంటే నేనింకేం అనుకుంటాను? మరక పోయింది, ఇక మాత్ర వేస్తే ఒళ్లే పాడవుతుంది అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అంత తెలివి నాది.

ఏడు వారాల తరవాత నిండు సీసా పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను, తిరిగి ఇచ్చేద్దామని. మందుల లెక్క రాసుకునే అమ్మాయికి నీ వయసు ఉంటుంది.

"ఇదేంటమ్మా, సీల్ కూడా తియ్యలేదు?"

"ఇక నాకు అక్కర్లేదమ్మా. కనబడలేదన్నారుగా. అవసరమైనవాళ్లకి ఇవ్వండి."

"ఆపి ఎన్నాళ్లయింది?"

"ఏడు వారాలు. ఒళ్లు తేలిగ్గా ఉంది కూడాను."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "అది పోలేదమ్మా. ఒంట్లో దాక్కుని ఉంటుంది. మీరు రోజూ వేసే మాత్రే దాన్ని లేవనివ్వకుండా ఉంచింది. మీరు ఆపిన మరుక్షణం నుంచి దానికి అడ్డులేదు" అంది.

రక్తం తీశారు. మళ్లీ వేలల్లో ఉంది. మొదటిసారి విన్నప్పటికన్నా ఈసారే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది గువ్వా. మొదటిది ఎవరో చేసింది. ఇది నేను చేసుకున్నాను. పైగా ఇలా ఆపితే ఆ మందు ఇక దాని మీద పనిచెయ్యకపోవచ్చునట, దానికి వేరే పరీక్ష చేస్తే తప్ప తెలియదన్నారు. ఆ ఫలితం వచ్చేదాకా మూడు వారాలు నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. నీ ఉత్తరం వస్తే తెరవడానికి చేతులాడలేదు. రానని నీకు రాసింది ఆ రోజుల్లోనే.

మందు పనిచేస్తుందని వచ్చింది. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా తప్పలేదు. నిన్న కొత్త లెక్క వచ్చింది, మళ్లీ కనబడలేదు. ఈసారి మిఠాయి కొనలేదు. మాత్ర వేసుకుని బట్టలకి చీటీలు కట్టాను.

ఇప్పుడు చొక్కాలు. మొత్తం పన్నెండు ఉండేవి. జబ్బు సంగతి తెలిసిన వారానికే అన్నీ తీసి, బ్లీచింగు వేసి ఉడకబెట్టాను. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ. బట్టకి జబ్బు అంటదని డాక్టరు చెప్పాడు, నాకూ తెలుసు. మీ నాన్నతో పోట్లాడే వీలు లేక ఆయన చొక్కాలతో పోట్లాడాను. తొమ్మిది పీలికలైపోయాయి. మూడు మిగిలాయి. అవి చూశాక ఆయన్ని ఎంత తిట్టుకున్నానో అంత ఏడ్చాను.

ఆ మూడింటినీ ఉత్త సబ్బుతో, గోరువెచ్చని నీళ్లలో ఉతికాను. కాలర్లూ బొత్తాలూ తీసేసి అంచులు కుట్టాను. వెన్నలా ఉన్నాయి. మామ ఎవరి బిడ్డకో అడక్కుండానే, ఇస్త్రీ పెట్టె వేడి తగ్గించి చేసిపెట్టాడు.

బిడ్డని ఎత్తుకున్నా, ముద్దు పెట్టుకున్నా, పక్కలో పడుకోబెట్టుకున్నా నా నుంచి అంటదని డాక్టరు చెప్పాడు. నా ఒక్క మాటే నమ్మొద్దు. ఒకసారి నా తెలివి ఎంతో చూశావు కదా. మీ డాక్టరుని అడుగు, అల్లుడితో మాట్లాడు, తొందరేం లేదు. తీరిగ్గా ఆలోచించుకో.

మూడు గుడ్డలూ మడిచి పెట్టెలో పెట్టాను, పక్కన రెండు నెలలకి సరిపడా మాత్రలు కూడా. గుడ్డలు పోస్టులో వెయ్యమంటే వేసేస్తాను, నిన్ను ఒక్క మాట అనను, మనసులో కూడా అనుకోను. తెమ్మంటే నేనే తెస్తాను. ఆ ఒక్క మాట రాయి.

ఇట్లు,
జవాబు కోసం చూసే
అమ్మ